బొమ్మ రైలు మూల స్థితి

పోయిన ఏడాది మా బాలల విజ్ఞాన భవనంలో బొమ్మ రైలు బాగుపడింది. అది ఎంత పెద్ద తప్పో ఆ రోజున నాకు తెలియలేదు. తెలిసి ఉంటే దాన్ని బాగుచేయడానికి వచ్చిన ముసలాయన్ని గుమ్మంలోనే ఆపి ఇంటికి పంపేసేవాణ్ణి.

నేను ఆ భవనంలో సహాయ పరిరక్షకుణ్ణి. పరిరక్షకుడి పోస్టు తొమ్మిదేళ్ళుగా ఖాళీ. ఎవరికి సహాయం చేస్తున్నానో తెలియకుండానే ఇన్నాళ్ళూ సహాయం చేస్తూ వచ్చాను. భవనంలో చూడదగ్గవి మూడే ఉన్నాయి. సీసాలో రెండు తలల పాము, ఒక కన్ను రాలిపోయిన గడ్డి కూరిన పులి, పెద్ద హాల్లో పధ్నాలుగడుగుల బల్ల మీద బొమ్మ రైలు. పామూ పులీ మేమెరిగి ఎప్పుడూ కదల్లేదు కాబట్టి వాటి మీద ఫిర్యాదులు లేవు. రైలు ఒకప్పుడు నడిచేది. పందొమ్మిదేళ్ళ కిందట ఆగిపోయింది. అప్పట్నుంచీ దాని మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద 'ముట్టరాదు' అని బోర్డు పెట్టాం. ప్రతి గురువారం బడిపిల్లలు వరసగా వచ్చి, ఆ దుప్పటి చూసి, వరసగా వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ ఏడాది పైవాళ్ళకి వారసత్వం మీద మోజు పుట్టింది. అంతకు ముందు ఏడాది మొక్కల మీద పుట్టింది. వాటి కోసం తవ్వించిన గోతులు మా ఆవరణలో ఇప్పటికీ ఉన్నాయి, మొక్కలే రాలేదు. ఈసారి వచ్చిన ఉత్తర్వులో, ప్రతి భవనమూ తన దగ్గరున్న ఒక ప్రాచీన వస్తువును తొంభై రోజుల్లో మూల స్థితికి పునరుద్ధరించవలెనని ఉంది. పామును మూల స్థితికి తెస్తే భవనంలో ఎవరమూ ఉండలేం. పులి సంగతి చెప్పక్కర్లేదు. అందుకని రైలు పేరు రాసి పంపాను.

ఆ వార్త జిల్లా పేపర్లో వచ్చిన మర్నాడే ఒక ముసలాయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. సైకిలు ఎక్కి కాదు, పక్కన నడిపించుకుంటూ. కారియర్‌కి రేకు పెట్టె కట్టి ఉంది.

"ఆ రైలు సేసింది నానేనండి బాబూ," అన్నాడు.

పేరు గురుగుబెల్లి అప్పలసూరి. జూటు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎనభై ఏళ్ళుంటాయి. యాభై ఎనిమిదేళ్ళ కిందట ఈ భవనం కట్టినప్పుడు, పిల్లల కోసం ఏదైనా చేసిపెట్టమని మిల్లువాళ్ళని అడిగితే, మిల్లువాళ్ళు ఈయన్ని పంపారట. ఇంజనూ నాలుగు పెట్టెలూ బిస్కెట్ డబ్బాల రేకుతో చేశాడు. పట్టాలు గొడుగు ఊచలు. సొరంగం గోనెగుడ్డకి బంకా ఊకా పట్టించి చేసిన కొండ. ఏరు పగిలిన అద్దం ముక్క. ఇంజన్లో చిన్న మోటారు, దానికి పట్టాల మీదుగా కరెంటు ఇచ్చే కారు బ్యాటరీ బల్ల కింద. ఇవన్నీ చెబుతూ ఆయన దుప్పటి తీశాడు. 'ముట్టరాదు' బోర్డు కింద పడింది. దాన్ని తీసి గోడకి చేరవేసి, నా వేపు తిరిగి రెండు చేతులూ చాపాడు. రెండూ వణుకుతున్నాయి.

"ఈ సేతులు ఇంకా ఒక ఆర్నెల్లు మాట వింటాయి బాబూ. ఆ తరవాత నాకే తెల్దు. ఈ తీగలు ఏది ఎటెల్లిందో నా సేతులకి తప్ప ఇంకెవుళికీ తెల్దు. ఒకపాలి నడిపించీసి పిల్లలకి సూపించీసినాననుకోండి, నాకు బెంగ నేదు."

సరేనన్నాను. అది నా మొదటి తప్పు.

పన్నెండు రోజులు ఆయన బల్ల కింద పడుకుని పని చేశాడు. సొరంగంలోంచి ఎలకల గూడు తీశాడు. గొడుగు ఊచల తుప్పు గీకాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, పట్టాకి తీగ అతికాడు. పన్నెండో నాడు మధ్యాహ్నం స్విచ్చి వేశాడు. ఇంజను ఒకసారి ముందుకీ వెనక్కీ ఊగి, కదిలింది. వంతెన దాటింది, సొరంగంలో దూరి అవతల తేలింది. ఒక చుట్టుకి యాభై రెండు సెకన్లు. నాకు నలభై తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు, చత్వారం. ఆ రోజు మూడు గంటల సేపు ఆ బల్ల చుట్టూ రైలుతో పాటు తిరిగాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు.

"బేస్తవారం పిల్లలొస్తారు గదండీ," అన్నాడు అప్పలసూరి. "వాళ్ళు సూసేక నా పని అయిపోనట్టే."

ఆ సంతోషంలో పైవాళ్ళకి ఉత్తరం రాశాను, రైలు నడుస్తున్నదని. అది రెండో తప్పు. గురువారం పిల్లలు రావలసి ఉండగా, మంగళవారమే మూల స్థితి నిర్ధారణ సంఘం దిగింది.

సంఘంలో ముగ్గురు. అధ్యక్షులు డాక్టర్ శరభలింగం గారు, టేపుతో కొలిచే సభ్యుడొకడు, ఆ కొలతలు రాసుకునే సభ్యుడొకడు. శరభలింగం గారు ఏ మాటైనా సభలో మాట్లాడినట్టే మాట్లాడతారు. మంచినీళ్ళు అడిగినా వెనకాల చప్పట్లు వినబడతాయేమోనని అనిపిస్తుంది. ఆయన వచ్చేసరికి రైలు తిరుగుతోంది. రెండు చుట్లు చూసి, ముఖం ముడుచుకుని, "ఆపండి," అన్నారు.

అప్పలసూరి ఆపాడు.

"ఇది ఎప్పుడు బాగుపడింది?"

"శనివారం సార్," అన్నాను.

"సంఘం ఎప్పుడు ఏర్పడింది?"

"సోమవారం సార్."

"అంటే సంఘం ఏర్పడక ముందే వస్తువు బాగుపడింది. బాగుపడక ముందు అది ఎంత చెడిపోయి ఉన్నదో సంఘం చూడలేదు. సంఘం చూడని శిథిలావస్థను శిథిలావస్థ అని ఎలా అంటాం? శిథిలం కానిదాన్ని పునరుద్ధరించాం అని ఏ ముఖంతో చెప్పుకుంటాం?"

నేను ముఖం కిందికి దించుకున్నాను. ఆయన కాస్త మెత్తబడి, తండ్రిలాగా అన్నారు. "కంగారు పడకండి. మించిపోయింది లేదు. దీన్ని మళ్ళీ చెడగొట్టండి. మేము వచ్చి పరిశీలించి, పూర్వ స్థితి నివేదిక రాసుకుంటాం. ఆ తరవాత పద్ధతి ప్రకారం బాగుచేసుకోవచ్చు. పెద్దాయనా, ఎన్ని రోజుల్లో చెడగొట్టగలరు?"

అప్పలసూరి నన్ను చూశాడు. నేను పులిని చూశాను.

"బాగు సేయడానికి పన్నెండు రోజులైనాది బాబూ. సెడగొట్టడానికి పన్నెండు నిమిషాలు సాలు," అన్నాడు చివరికి.

"అలా హడావుడిగా పనికిరాదు. శాస్త్రీయంగా చెడగొట్టాలి. ఏ తీగ ఎక్కడ తెగి ఉండేదో అక్కడే తెగాలి. తుప్పు ఎక్కడుండేదో అక్కడే ఉండాలి. దుమ్ము కూడా అదే దుమ్మై ఉంటే ఉత్తమం."

అదే దుమ్ము మా స్వీపరు పారేసిన గోతిలోంచి దొరికింది. మొక్కల కోసం తవ్వించిన గోతులు అలా పనికొచ్చాయి. ఎలకల గూడు కూడా అందులోనే ఉంది, ఎలకలు మాత్రం లేవు. ఎలకలు లేని గూడును "ఖాళీ చేయబడిన ఆవాసం" అని రాసుకోవడానికి సంఘం పెద్ద మనసుతో ఒప్పుకుంది. అప్పలసూరి ఒక్కో తీగా తెంపుతూ, అది ఎక్కడిదో పాత కాలెండరు కాయితం మీద గుర్తు పెట్టుకున్నాడు. గురువారం పిల్లలు వచ్చి దుప్పటి చూసి వెళ్ళారు.

మూడు వారాల తర్వాత సంఘం మళ్ళీ వచ్చింది. చెడిపోయిన రైలును చూసి శరభలింగం గారు తృప్తిగా తల ఊపారు. "ఇదీ శిథిలం అంటే," అన్నారు. నలభై పేజీల పూర్వ స్థితి నివేదిక తయారైంది. అందులో దుమ్ముకే ఆరు పేజీలు.

"ఇక బాగుసేసుకోవచ్చా బాబూ?" అని అడిగాడు అప్పలసూరి.

"దేనిలాగా బాగుచేస్తారు?" అన్నారు శరభలింగం గారు.

"రైల్లాగేనండి."

"మీ దృష్టిలో రైలు. సంఘం దృష్టిలో అది ఇంకా ఏమీ కాదు. దాని మూల స్థితి ఏమిటో ముందు తేలాలి. ఆధారం కావాలి."

ఆధారం నా గదిలో గోడకి వేలాడుతోంది. భవనం తెరిచిన రోజున తీసిన ఫోటో. నా ముందు పనిచేసిన ముగ్గురూ దాని కిందే కూర్చుని టిఫిను తిన్నారు, నేనూ తిన్నాను, ఒక్కరమూ దాన్ని సరిగా చూసిన పాపాన పోలేదు. శరభలింగం గారు దాన్ని దింపించి, అద్దం తుడిపించి, భూతద్దం పెట్టి అరగంట చూశారు. తరవాత తల ఎత్తి, పురిటి గదిలోంచి కబురు తెచ్చిన మనిషిలా మా అందరినీ చూసి, "రైలు పట్టాల మీద లేదు," అన్నారు.

నిజమే. ఫోటోలో వంతెన దాటిన మలుపు దగ్గర ఇంజను పట్టా తప్పి, పక్కకి ఒరిగి ఉంది.

"అదాండీ," అన్నాడు అప్పలసూరి, నవ్వుతూ. "ఆ దినం రిబ్బను కత్తిరించిన దొరగారు వంగి సూసినారు. ఆరి మెడలోది బంతిపూల దండ. రేకులు రాలి పట్టా మీద పడినాయి. ఇంజను జారిపోనాది. సరిగ్గా అప్పుడే ఫోటోలాయన నొక్కీసినాడు. ఎంటనే నాను ఎత్తి పెట్టీసినాను గదా. సాయంత్రం ఆరు దాకా తిరిగినాది. ఊరూ ఊరంతా సూసినాది."

"ఎత్తి పెట్టిన తరవాత ఫోటో ఉన్నదా?"

"నేదండి. ఫోటోలాయన దొరగారి కూడా ఎల్లిపోనాడు."

శరభలింగం గారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "అయితే ఆ సంఘటన చారిత్రకంగా జరగలేదు. సంఘం సూత్రం ఒక్కటే, రాసుకోండి. నమోదు కాని స్థితి స్థితి కాదు. ఈ రైలుకు నమోదైన మూల స్థితి పతనం. మనం దాన్ని పతన స్థితికే పునరుద్ధరించాలి. నడిపించడమంటే వారసత్వాన్ని చెరపడమే."

రాసే సభ్యుడు రాసుకున్నాడు. కొలిచే సభ్యుడు ఫోటో మీద కోణమానిని పెట్టి, ఇంజను ఇరవై మూడు డిగ్రీలు ఒరిగిందని తేల్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాని నా ఒళ్ళు మండితే పై ఆఫీసులో ఎవరికీ వేడి తగలదని ఇరవై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్నాను. నేనూ రాసుకున్నాను.

అక్కణ్ణుంచి పని జోరందుకుంది. ఫోటోలో మలుపు దగ్గర మూడు బంతి రేకులున్నాయి కాబట్టి రోజూ పొద్దున్నే మూడు తాజా రేకులు వెయ్యాలన్నారు. నాలుగో రేకు పడిన రోజున నాకు మెమో వచ్చింది. ఫోటోలో సొరంగం కొండ మీద తోక తెగిన బల్లి ఉంది. మా హాల్లో బల్లులకేమీ కొదవలేదు, కాని ఏదీ పది నుంచి అయిదు దాకా ఒకే చోట ఉండడానికి ఒప్పుకోలేదు. చివరికి రబ్బరు బల్లిని కొని, సంఘం సమక్షంలో దాని తోక కత్తిరించాం. కత్తిరించిన తోకను ఏం చెయ్యాలన్న దాని మీద ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నాయి.

ఫోటోలో స్విచ్చి వేసి ఉంది. రైలు నడుస్తూ పడింది కనక వేసే ఉండాలి గదా. కాబట్టి స్విచ్చి ఎల్లవేళలా వేసే ఉంచవలెను, ఏ కారణం చేతనూ ఎవరూ తియ్యరాదు అని ఉత్తర్వు వచ్చింది.

"మరి బల్ల కింద తీగలండీ?" అని అడిగాడు అప్పలసూరి, చాలా వినయంగా.

శరభలింగం గారు ఫోటో మళ్ళీ చూశారు. "బల్ల అడుగుభాగం ఫోటోలో కనబడటం లేదు. కనబడని దాని మీద సంఘానికి అభిప్రాయం లేదు."

"అలగైతే నాకు తోసినట్టు సేసుకోవచ్చాండి?"

"అభిప్రాయం లేదన్నాను గదా."

అప్పలసూరి కాలెండరు కాయితం తీసుకుని బల్ల కిందికి దూరాడు. నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు. ఈసారి చెయ్యి చెయ్యిని పట్టుకున్నా ఆగలేదట, తీగను పళ్ళతో పట్టి అతికాడు. బయటికొచ్చాక ఆ మాట నాతో తనే చెప్పాడు. అప్పుడు నేను ఆయన ముఖం చూడలేకపోయాను. ఇంత కష్టపడి అతికిన తీగల మీద, పట్టా తప్పి పడుకున్న ఇంజను కదా ఉంటుంది.

అంతా అయిందనుకున్న రోజున కొలిచే సభ్యుడు ఫోటోకి కుడి అంచున ఇంకోటి కనిపెట్టాడు. ఒక చెయ్యి. మణికట్టు నుంచి వేళ్ళ దాకా, ఇంజను వేపు చాచి ఉంది. వేలికొసకీ ఇంజనుకీ మధ్య జానెడు దూరం.

"ఇది ఎవరి చెయ్యి?" అన్నారు శరభలింగం గారు.

"నాదేనండి. ఎత్తి పెడదామని సాపినాను."

శరభలింగం గారు మెల్లగా వచ్చి అప్పలసూరి కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. గౌరవంతో అనుకున్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలి పక్కనున్న మచ్చను ఫోటోలో మచ్చతో సరిచూసి, "అసలుదే," అన్నారు. "మూల వస్తువు సజీవంగా లభ్యమవడం మన సంఘ చరిత్రలో ఇదే ప్రథమం. దీనికి నంబరు వెయ్యండి."

అలా అప్పలసూరి కుడి చెయ్యి మా రిజిస్టరులో పదిహేడో వస్తువైంది. పదహారు బల్లి. ఉత్తర్వు ప్రకారం ఆ చెయ్యి సోమవారం తప్ప రోజూ పది గంటల నుంచి అయిదు గంటల వరకు చాచి ఉండాలి. ఇంజనుకు జానెడు దూరంలో ఉండాలి. ముట్టుకోకూడదు. ముట్టుకున్నది ఫోటో తరవాతి సంగతి, అంటే జరగనిది. చెయ్యి కాక మిగిలిన అప్పలసూరి ఫోటోలో లేడు కాబట్టి ఆ మిగిలిన భాగాన్ని నల్ల తెర వెనక ఉంచమన్నారు.

ఆయన ఒప్పుకోడనుకున్నాను. ఒప్పుకోవద్దని కూడా చెప్పాను, ఎవరూ వినకుండా వరండాలోకి తీసుకెళ్ళి.

"అప్పలసూరి గారూ, మీకిదేం ఖర్మ? ఇంటికెళ్ళిపోండి. మిమ్మల్నెవరూ ఏమీ అనలేరు."

"ఇంటికెల్తే అది నాకు అందదు బాబూ," అన్నాడాయన. "ఇక్కడైతే జానెడే గదా."

మర్నాటి నుంచి చెయ్యి తెరలోంచి బయటికొచ్చి నిలబడింది. వారం తిరక్కుండా మెమో వచ్చింది. 'పదిహేడవ నంబరు వస్తువు కదులుచున్నట్లు సంఘం దృష్టికి వచ్చినది. ఫోటోలోని చెయ్యి కదలుట లేదు. ఇందుకు సంజాయిషీ ఇవ్వవలెను.' చదివి వినిపించాను.

"ఫోటోలో ఏదీ కదల్దు గదండీ," అన్నాడు తెర వెనక నుంచి అప్పలసూరి.

ఆ మాటే రాసి పంపాలని ఎంతో అనిపించింది. 'వయోభారము' అని రాసి పంపాను. సంఘం దయతలచి మోచేతి కింద ఒక కర్ర ఆనుడు మంజూరు చేసింది. మోచెయ్యి తెర వెనకే ఉంటుంది కాబట్టి అభ్యంతరం లేదట. ఆనుడు పెట్టినా వణుకు పోలేదు. అది మోచేతిలో లేదు గదా.

ప్రారంభోత్సవం గురువారం పెట్టారు. రాష్ట్రంలోకెల్లా ఉత్తమ పునరుద్ధరణ మాదేనని ముందే తేలిపోయింది, ఎందుకంటే మిగతా భవనాలవాళ్ళు తమ వస్తువుల్ని బాగుచేసి కూర్చున్నారు. ప్రారంభించడానికి పైనుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన మెడలో బంతిపూల దండ పడకుండా శరభలింగం గారే దగ్గరుండి చూసుకున్నారు, లెక్కకు మించిన రేకులు రాలతాయని. మునిసిపల్ బడి నుంచి నలభై రెండు మంది పిల్లల్ని తీసుకొచ్చి బల్ల చుట్టూ నిలబెట్టారు. స్విచ్చి వేసి ఉంది. కొత్త బ్యాటరీ నిండుగా ఉంది, పాతది ఫోటోలో లేదు కాబట్టి మార్చుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

శరభలింగం గారు ముప్పావుగంట మాట్లాడారు. "మనం ఇక్కడ బొమ్మను బాగుచేయలేదు. ఒక క్షణాన్ని బంధించాం," అన్నారు. పెద్దాయన చప్పట్లు కొట్టాడు. పిల్లలు ఇంజనును చూస్తున్నారు. ముందు వరసలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది.

"సార్, రైలు పడిపోయింది. ఎవరూ ఎత్తరేంటి?"

"ఎత్తకపోవడమే దీని విశిష్టత అమ్మా," అన్నారు శరభలింగం గారు.

ఆ పిల్లకి ఆ విశిష్టత ఎక్కలేదు. తెరలోంచి వచ్చిన చేతిని పైనుంచి కిందికి చూసింది. తరవాత తెరకేసి ముఖం పెట్టి అడిగింది. "తాతా, నీకు అందుతాది గదా?"

చెయ్యి ఆనుడు మీంచి లేచింది. వణుకుతూనే జానెడు దూరం ముందుకి జరిగింది. ఇంజను నడుం పట్టుకుని ఎత్తి, ముందు చక్రాలు ఒకసారి తప్పినా రెండోసారి కుదురుగా, పట్టాల మీద పెట్టింది.

రైలు కదిలింది.

పిల్లలు గోల గోల చేశారు. ఇంజను మూడు బంతి రేకుల్నీ తోసుకుంటూ పోయి, సొరంగంలో దూరి, అవతల తేలింది. రబ్బరు బల్లి కొండ మీంచి ఏట్లో పడింది. పెద్దాయన కూడా అంతా మరిచిపోయి "అదిగో వస్తంది, అదిగో వస్తంది" అంటూ పిల్లల మధ్య నిలబడ్డాడు. అప్పలసూరి తెర పక్కకి జరిపి బయటికొచ్చాడు.

"ఆపండి," అన్నారు శరభలింగం గారు.

"స్విచ్చి తియ్యాలి సార్," అన్నాను.

"తియ్యండి."

"ఏ కారణం చేతనూ తియ్యరాదని తమ ఉత్తర్వు సార్."

ఇది నేను ధైర్యంతో అన్నానని అనుకోకండి. నిజంగానే భయపడి అన్నాను. స్విచ్చి మా రిజిస్టరులో తొమ్మిదో వస్తువు, దాన్ని ముట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది. శరభలింగం గారు కొలిచే సభ్యుణ్ణి చూశారు, కొలిచే సభ్యుడు రాసే సభ్యుణ్ణి చూశాడు. పోనీ రైలునే పట్టుకుందామా అంటే అదీ నంబరున్న వస్తువే. ఉత్తర్వు సడలించాలంటే సంఘం సమావేశం జరగాలి. సమావేశానికి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముగ్గురూ బల్ల పక్కన నిలబడి నియమావళి తిరగేస్తుండగా రైలు వాళ్ళ ముందు నుంచి యాభై రెండు సెకన్లకోసారి పోతూనే ఉంది. పిల్లల్ని వాళ్ళ మేష్టారు రెండు గంటలకి బలవంతాన తీసుకెళ్ళారు. వాళ్ళు వెళ్ళి ఇంటి దగ్గర చెప్పారు కాబోలు, అమ్మలూ నాన్నలూ వచ్చారు. అతికిన తీగ ఒకటి ఊడి అదంతట అది ఆగేసరికి సాయంత్రం ఆరైంది. అప్పలసూరి అంత సేపూ స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాడు.

మర్నాడు విచారణ. దానికి 'రైలు పట్టాలెక్కిన ప్రమాదం' అని పేరు పెట్టారు. నివేదిక రాసే పని నాకు అప్పగించారు. నేను బాగా ఆలోచించి ఒక మంచి వాక్యం రాశాను. 'పదిహేడవ నంబరు వస్తువుకు గల వణుకు వల్ల, ప్రమాదవశాత్తు, రైలు పట్టాలపైకి చేరినది.' ఇలా ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఆయన చేతిని శాలువాతో సత్కరించి ఇంటికి పంపేస్తారు. నాకు మందలింపుతో సరిపోతుంది. కావాలని చేసినట్టు తేలితే, ఆయన్ని మళ్ళీ జన్మలో ఆ భవనం గుమ్మం తొక్కనివ్వరు.

ఆ సంగతి విడమరిచి చెప్పి, చదివి వినిపించి, సంతకం పెట్టమని కాయితం ముందు పెట్టాను.

"వణికి పెట్టినానని రాసినారేటి బాబూ?"

"మీ మంచికే."

"నా సెయ్యి ఏడాది బట్టీ వణుకుతున్నాది. వణికితే సేతిలో గ్లాసు జారిపోతాది. రైలెక్కడైనా పట్టాలెక్కుతాదా?"

"అలా రాయకపోతే మిమ్మల్ని లోపలికి రానివ్వరు, అప్పలసూరి గారూ."

"రానీకపోతే మానీమనండి. నానెందుకు రావాలింక? పిల్లలు సూసీసినారు." కాయితాన్ని తన వేపు లాక్కున్నాడు. "ఆ దినం ఫోటోలాయన ఒక్క సిటికె సేపు ఆగుంటే నాకీ తిప్పలు నేకపోను. నాను ఎత్తి పెట్టింది ఎక్కడా నేదు. ఉన్నదల్లా పడిపోనాది ఒక్కటే. ఈపాలైనా ఉన్నదున్నట్టు రాయండి. కాయితం మీద నేకపోతే మీ కాడ జరగనట్టేగదా."

కలం తీసుకున్నాడు. 'వణుకు వల్ల, ప్రమాదవశాత్తు' అన్న మాటల మీద అడ్డంగా గీత కొట్టి, పైన రాశాడు. 'నానే కావాలని పెట్టినాను. ఆరు గంటల దాకా నడిచినాది.' అక్షరాలు ఒక్కటీ తిన్నగా లేవు, కాని చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. సంతకం పెట్టి, రేకు పెట్టె సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోయాడు.

కొత్త కాయితం మీద మళ్ళీ రాసి, సంతకం నేనే గిలికి పంపుదామని ఒక పూటంతా అనుకున్నాను. దాచిపెట్టడమెందుకు, అలాంటి పనులు అంతకు ముందు చేసినవాణ్ణే. ఆ పూట చెయ్యలేకపోయాను. కాయితాన్ని ఉన్నదున్నట్టే పంపాను.

సంఘం చెయ్యవలసిందంతా చేసింది. అప్పలసూరి భవనంలోకి రాకూడదని గుమ్మం దగ్గర నోటీసు అంటించింది. రైలును మళ్ళీ ఇరవై మూడు డిగ్రీలకి పడుకోబెట్టింది. పదిహేడో నంబరుకు సుద్దతో చేసిన చెయ్యి పెట్టింది. అది వణకదు. శరభలింగం గారికి సన్మానం జరిగింది. గురువారాలు వచ్చే పిల్లలు కొత్తవాళ్ళతో "ఇది నడుస్తాది, మేం చూశాం" అంటున్నారని తెలిసి, 'ఈ రైలు నడవదు' అని ఒక బోర్డు పంపింది. దాన్ని కూడా తగిలించాను.

విచారణ కాయితం మాత్రం ముద్ర పడి తిరిగొచ్చింది, భవనంలో భద్రపరచవలెనని. దాన్ని తీసుకుని రిజిస్టరు తెరిచాను. 'బొమ్మ రైలు, స్థితి' అన్న గడిలో, పతనం అన్న మాట కింద ఖాళీ ఉంది. తేదీ వేశాను. 'పట్టాల మీద ఉన్నది. నడిచినది. ఎత్తి పెట్టినవారు గురుగుబెల్లి అప్పలసూరి' అని రాసి, కాయితాన్ని దానికి కుట్టి, నంబరు వేశాను. నమోదైంది.